అత్తిబెలె గేటు

హోసూరు చివరి బస్సు దిగింది చౌడేశ్వరి.
పొద్దున ఆరింటికి కంఠీరవలో ఇరవై కిలోమీటర్ల నడక పోటీ.
సమాఖ్య చీటీ రమ్మంది,
నా చేతిలోని సర్కులర్ వద్దంది.

"సూది ఎందుకు వేయించుకోలేదమ్మా?"
"నా ఒళ్ళు సార్.
దీన్నొక్కదాన్నే సంపాదించుకున్నా."

మా స్టేషన్లో రెండు కుర్చీల్లో
ఇంకా ఎవరూ కూర్చోరు.
ఆ మాట ఆమెకు చెప్పలేదు.

పై ఆఫీసరు ఫోన్లో పంపమన్నాడు,
టీ చల్లారేలోపు ఆపమన్నాడు.
టమాటా లారీలు పోతానే ఉన్నాయి.

తెల్లారగట్ల లేచి బూట్లు బిగించింది.
వాళ్ళ ఆటలో ఒక కాలు ఎప్పుడూ నేలనంటే ఉండాలంట,
రెండూ లేస్తే తప్పంట.
హోసూరు దిక్కు తిరిగి
నడుం ఊపుతూ పోటీ నడకే నడిచింది.

టార్చి వేసి మడమలే చూస్తా నిలబడ్డా,
ఒక్క తప్పైనా దొరుకుతుందేమోనని.

దొరకలేదు.