టెక్కలి దాకా

సోమవారంలోగా పాస్‌పోర్టు ఇచ్చీమన్నాడు
కాశీబుగ్గ ఏజెంటు.
రియాద్‌లో కంపెనీ, ఏసీలు బిగించే పని,
రెండేళ్ల కాంట్రాక్టు,
గది వాళ్లది, తిండి మనది.
"చల్లదనంలో పుట్టినోడివి, నీకేటి బెంగ?" అన్నాడు
ఫ్యాను తన వైపు తిప్పుకుంటూ.

నిజమే.
పదమూడేళ్లుగా భావనపాడు ఐసు ఫ్యాక్టరీలో
రాత్రి డ్యూటీ నాది.
ఉప్పునీటి తొట్టెలో డబ్బాలు దింపుతాను,
తెల్లారేసరికి దిమ్మలు లేపుతాను.
అమ్మోనియా వాసన
నాకంటే ముందే ఇంటికి చేరుతుంది.
మే నెల్లో ఊరందరికీ చెమట,
నాకు జలుబు.

యజమాని కొత్త మిషను తెస్తున్నాడు.
ఐసు దిమ్మలుగా కాదట, పొట్టులా రాలుతుందట.
ఇద్దరుంటే చాలట.
నేను మూడోవాణ్ణి.

దానేసు అక్కడే ఉన్నాడు నాలుగేళ్లుగా.
శుక్రవారం ఫోను చేస్తాడు.
"ఇక్కడ చెమటే కనపడదురా,
పట్టీలోపే ఎండ తాగీస్తాది.
సాయంత్రానికి చొక్కా మీద ఉప్పు.
దులిపితే రాల్తాది."
నవ్వాడు. నేనూ నవ్వాను.
తర్వాత కాసేపు ఇద్దరం
సిగ్నల్ పోయినట్టు ఊరుకున్నాం.

శనివారం ఒక పని చేశాను.
యజమానికి మాత్రం చెప్పకండి.
రెండు ఐసు ముక్కలు తెచ్చాను, టిఫిను డబ్బా అంతేసివి.
ఒకటి రేకు మీద, ఎండలో, ఒంటరిగా.
ఒకటి ఊకలో కప్పి, గోనె చుట్టి, గోడ వారన.
మా పూజిత సుద్దముక్కతో గోడ మీద టైము రాసింది.
పదీ ఇరవై.
పదీ యాభై అయిదుకి రేకు మీద నీళ్లు.
పదకొండుకి ఆ తడీ లేదు.
"నాన్నా, ఎక్కడికెళ్లింది?" అంది,
రేకు తాకి వేలు నోట్లో పెట్టుకుని.
నాలుగింటికి గోనె విప్పితే
పిడికిలంత ముక్క ఇంకా ఉంది, ఊక అంటుకుని.

అయిపోయింది, తేలిపోయింది అనుకున్నాను.
ఊరంటే ఊకే కదా.
పెద్ద మాట దొరికినవాడిలా
గుమ్మంలో కూర్చున్నాను.

నౌపడ ఉప్పుమళ్ల నుంచి గున్నమ్మ వచ్చింది.
పగిలిన మడమల మీద చెంబెడు నీళ్లు పోసుకుంటూ
మొత్తం విన్నది.
"ఐసుముక్క నెలనెలా డబ్బు పంపుతాదేటి?" అంది.

ఊక ఊకలానే ఉంది. నా మాట కరిగిపోయింది.

"అయినా ఎండ గురించి నువ్వేటి మాటాడతావు?
రాత్రంతా ఐసులో ఉంటావు, పగలంతా తొంగుంటావు.
ఎండంటే నన్నడుగు.
పైనుంచి సూరీడు, కిందనుంచి ఆ తెలుపు,
రెండేపులా కాలుస్తాది.
కళ్లు మూసినా తెల్లగానే ఉంటాది.
ఎల్తే నానెల్లాల ఆ దేశం.
నువ్వుండి పిల్లకి జడెయ్యి."

పూజిత పకపకా నవ్వింది.
గున్నమ్మ నవ్వలేదు.
చేతులు తుడుచుకుంటోంది,
ఉప్పు కొరికిన చేతులు,
వేళ్ల సందుల్లో ఎర్రగా గీతలు.

పదమూడేళ్లలో
ఎన్ని వేల దిమ్మలు లేపానో లెక్కలేదు.
చేపలకి పంపాను, రొయ్యలకి పంపాను,
పెళ్లిళ్లకి, షోడా బళ్లకి,
ఒకసారి ఒక శవానికి కూడా పంపాను.
నౌపడ ఎంత దూరం కనక?
ఒక్క ముక్క పట్టుకెళ్లలేదు.

ఆ రాత్రి డ్యూటీలో
డబ్బాలు లెక్కపెడుతూ రెండుసార్లు తప్పాను.
రియాద్‌లో ఎవరి గదో చల్లబరుస్తాను,
ఆ గది బయట నిచ్చెన మీద నేనుంటాను.
ఇక్కడుంటే మిషను.
ఎటు తిరిగినా
ఎవరో ఒకరు ఎండలో.

సోమవారం పొద్దున్న గున్నమ్మ
మొదటి ఆటోలో మళ్లకి వెళ్లిపోయింది,
ఏమీ అడగలేదు.
పాస్‌పోర్టు చొక్కా జేబులో పెట్టుకున్నాను.
గోనెసంచిలో ఊక, ఊకలో పావుదిమ్మ.
తొమ్మిదింటి బస్సెక్కాను.

"ఏటయ్యా, సీటంతా తడి," అన్నాడు కండక్టరు.
"ఎక్కడికి?"
ఏజెంటు దగ్గరికైతే టెక్కలిలో బస్సు మారాలి.
మోకాళ్ల మీద చల్లగా కారుతోంది,
జేబు వరకు ఇంకా రాలేదు.

"టెక్కలి దాకా కొట్టండి," అన్నాను.
"నౌపడ మళ్ల కాడ
ఒక్క నిమిషం ఆపాల."