మూడు చెవులు తక్కువ

మైదా ఉడకబెట్టి బకెట్ల పోసుకొని
రాత్రి పదకొండుకు బయల్దేరినం, నేనూ నర్సింగూ.
లాలాపేట వంతెన కింద మొదటి పోస్టరు.
అంటించి ఎనక్కి మళ్లెటాలకే
డప్పు బొమ్మను ఆవు సగం నాకేసింది.

మైకుసెట్టు జిలానీ అడ్వాన్సు అడగలే,
"పిల్లలకేనంటిరి గద" అన్నడు.
జనరేటరాయన మాత్రం
డీజిల్ పైసలు ముందే లెక్కపెట్టుకున్నడు.

పన్నెండు మంది పిల్లలు, ఇరవై నాలుగు చెవిమిషన్లు.
టికెట్టు యాభై. ఎట్ల కూడినా
మూడు చెవులు తక్కువ పడుతున్నయి.

ఆదివారం. సగం కుర్చీల్ల వాననీళ్లే కూసున్నయి.
మర్ఫా మొదలైంది.
ఏడేండ్ల సుగుణ
స్పీకరు డబ్బాకు పొట్ట ఆనించి నిలబడ్డది.
దరువు ఆగినప్పుడల్లా
మా దిక్కు మళ్లి చూస్తది,
ఎవరు ఆపిన్రన్నట్టు.