ఏడో మలుపు దగ్గర

కుతైసి నుంచి నాటకం వాళ్ళని ఎక్కించుకొచ్చింది నేనే.
పదకొండు మంది, ఒక డప్పు,
వెనక సీటు మీద పడుకోబెట్టిన అట్టముక్కల కొండ.
"కొండ జాగ్రత్త, కొండ జాగ్రత్త" అంటూనే ఉన్నాడు
దర్శకుడు ఒతియా, మలుపు మలుపుకీ.
అసలు కొండ కిటికీకి జానెడు దూరంలో ఉంది.
దాని గురించి ఎవరూ హెచ్చరించలేదు.

ఏడో మలుపులో హారన్ కొట్టాను.
ముప్ఫై ఏళ్ళ అలవాటు.
లోయ మూడుసార్లు తిరిగి చెప్పింది.
"అదిగో, ఆవిడే" అన్నాను.
ఆవిడ వేషం వేసే పిల్ల, తేక్లే,
పొద్దుతిరుగుడు గింజలు నమలడం ఆపింది.

పైకి చేరేసరికి మంచు. దారి మూసేశారు.
లేకపోతే ఇంకో ట్రిప్పుకి దిగిపోయేవాణ్ణి.
అలా నేనూ ఆ రాత్రి
బడి హాల్లో బల్ల చివర, లామారా పక్కన,
తడిసిన ఉన్ని టోపీల వాసనలో కూర్చున్నాను.

ఆ కథ మా స్వానేతీలో ఉగ్గుపాలతో పోస్తారు.
అడవి మేక వెంట పోయి వేటగాడు చరియలో ఇరుక్కుంటే
కింద నిలబడి పెళ్ళాం పిలిచింది, మూడు రాత్రులు.
వదులుతాను, ఏమిస్తావ్ అంది కొండ.
గొంతు ఇచ్చేసింది.
మొగుడు దిగొచ్చాడు. గొంతు పైనే ఉండిపోయింది.
పెళ్ళిళ్ళలో ఇక్కడిదాకా చెప్పి
గ్లాసులెత్తుతాం.

నాటకం, గ్లాసులు దించిన చోట మొదలైంది.

వేటగాడు వాగుతాడు. రొట్టె తింటూ వాగుతాడు,
బూట్లు విప్పుతూ వాగుతాడు.
మేక ఎంతుందో, చరియ ఎంత నున్నగా ఉందో.
ఏడాదికేడాది మేక పెరుగుతుంది.
తేక్లే పిండి పిసుకుతుంది.
అందరం నవ్వాం, లామారా అందరికన్నా గట్టిగా.
తరవాత పాలు పొంగుతున్నాయని చెప్పబోయి
ఆ పిల్ల నోరు తెరిచింది.
తెరిచి, చేతులాడించింది. అతను చూడలేదు.
కుండ ఖాళీదే, పొయ్యి ఎర్రకాగితమే,
అయినా ముందు వరసలోంచి ఎవరో
"పొంగుతున్నాయిరా మొద్దూ!" అని అరిచారు.
లామారా నవ్వు ఎప్పుడాగిందో నేను గమనించలేదు.

జెనరేటర్ ఒకసారి చచ్చింది. లాంతర్లు తెచ్చారు.
ఆ వెలుగులో తేక్లే అట్టకొండ ఎక్కి
రొట్టెల కర్రతో దాన్ని బాదింది.
అడగడానికి ఆమెకున్నది ఆ కర్రే.
కొండ ఆడగొంతుతో "ఎవరూ?" అంది.
తన గొంతే. ఆమె గుర్తుపట్టలేదు.
తల వంచి వింది, పక్కింటి మనిషిని విన్నట్టు.
అక్కడ దీపాలార్పేశారు.

చప్పట్లు లేవు. ఎవరో దగ్గారు.
ఎనభై నాలుగేళ్ళ మఖ్వాలా కర్ర తాటించి లేచింది,
చావుకీ పెళ్ళికీ ఆ కథ చెప్పే మనిషి.
ఒతియా మొహం సున్నం కొట్టినట్టయింది.
"ఇన్నేళ్ళాగుతుందా? మూడో రోజే అడిగుంటుంది" అంది.
"గొంతు లేదుగా. మనకెవరికి వినపడింది?"
తలగుడ్డ బిగించుకుని వెళ్ళిపోయింది.

ఇంటికి నడుస్తూ నేనే ఏదో చెబుతున్నాను,
మంచు సంగతి, టైర్ల సంగతి,
తొంభై మూడులో నేను దాటించిన చరియ సంగతి.
సగంలో ఆగాను.
లామారా లాంతరు ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకుంది.

మర్నాడు మధ్యాహ్నం దారి తెరిచారు.
ఏడో మలుపులో చెయ్యి హారన్ మీదికి పోయి
అక్కడే ఉండిపోయింది.
పిలిచి పలికించడానికి మనసొప్పలేదు.
ఎదురుగా కట్టెల లారీ.
రెండు బ్రేకులూ ఒక్కసారే కీచుమన్నాయి,
మధ్యలో బెత్తెడు గాలి మిగిలింది.
లారీవాడు తల బయటపెట్టి
నా ఏడు తరాలనీ తిట్టాడు.
లోయ ఆ తిట్టుని మూడుసార్లు
అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పింది,
అతని గొంతుతోనే.

వెనక సీటులో కొండ ఓ పక్కకి ఒరిగింది.