జానకట్టె

కట్టె కొనొచ్చినోళ్లను మా నాయిన
ముందుగాల నడువుమనేటోడు.
నేనూ గంతే.
కొండమల్లేపల్లి అంగట్ల, గొర్ల బేరాల నడుమ
గోనెసంచి మీద పదారు కట్టెలు పరిచి
ఎవల నడక ఎట్లున్నదో చూసుకుంట కూసుంట.

తుమ్మ గట్టిదే, గని బరువు.
తోడేలును అదిలించేటోనికి తుమ్మ.
అది నిలవడేటోని కట్టె, నడిచేటోనిది గాదు.
ఏపకు పురుగు రాదంటరు. వస్తది, నేను చూసిన.
ఎదురు మంచిదే,
గనుపు కాడ పగిలిందంటే అరచెయ్యిని కొరుకుతది.
మోదుగ సంగతి అడగకుండ్రి.
ఊడుగ దొరికితే ఇంకోటి చూసే పని లేదు,
దొరకాలె గద.

అండాలును నడువుమనలే.
ఆటో దిగి నా సంచి కాడికొచ్చే లోపట్నే
నాలుగు బేరాలు తెగినయ్.
మర్రిగూడ దిక్కు ఆడిమనిషి,
ముప్పై నాలుగేండ్లు. నడుము నేలను ఎతుకుతున్నది.
మెడల దండ లెక్క టైలర్ టేపు.

అలవాటు కొద్ది తుమ్మకట్టె అందిచ్చిన.
చేతుల పట్టి, బరువు చూసి, నవ్వింది.
"మా బోరింగు నీళ్లకు నా బొక్కలే తుమ్మకట్టెలైనయ్,
మల్ల ఇంకోటెందుకన్నా?"

మణికట్టు కాన్నుంచి నేలకు నేను జానలు ఏసిన,
మూడు జానలు, నాలుగేళ్లు.
ఆమె టేపు ఇడిసింది.
"ముప్పై. పోయినేడు ముప్పై రెండున్నర."
అంగీ కొలత చెప్పినట్టే చెప్పింది.

అప్పుడు సంచి అడుగుకెల్లి జాన తీసిన.
పండ్లు మేకపిల్లలు తింటయ్, పట్ట తాడైతది,
కట్టె వంగుతది గని ఇరగది.
ఇది దిండి వాగు ఒడ్డుది.
అమాస ముంగట కొట్టి, పట్ట తీయకుండ
మా అమ్మ పొయ్యి మీద దూలానికి
రెండు వానకాలాలు పొగల యాలాడేసిన.

"తిన్నగున్నదే" అన్నది.
"తిన్నగ పుట్టలే. మంట మీద కాచి,
ఆముదం రాసి, మోకాలు ఆనిచ్చి
మెల్లగ..."
నా నోరు ఆడ్నే ఆగింది.
"చెప్పు, ఆపినవేంది?
ఎన్నిసార్లు కాచాలె?"
"రెండుసార్లు. మూడోసారికి పగులుతది."
తలకాయ ఊపింది, చేతిపని తెలిసినోళ్లు ఊపినట్టు.

రంపం తీసిన, ముప్పై కాడ కోద్దామని.
నా చెయ్యి పట్టింది.
"పిల్లల గౌన్లకు అడుగున మడత ఇడుస్త,
పెరుగుతరు గద అని.
నేను తరుగుత గద. నాకు మీద ఇడువు.
పొడుగే ఉండని. చెయ్యి దిగుతది,
కట్టెనెందుకు కోసుడు?"

బ్యాగుల నుంచి సుద్దముక్క తీసి
ముప్పై కాడ ఒక గీత గీసి,
దాని మీద జాకెట్టు పేలిక, ఎర్రది, బిగ్గ సుట్టింది.
కిందికి రెండున్నర కొలిచి ఇంకో గీత.
ఇంకింత కిందికి టేపు జారిచ్చి
గీయకుండ్నే మడిసింది.

బేరం చెయ్యలే. నేనే ఇరవై తగ్గిచ్చిన,
తీసుకోలే.
"అంగట్ల పొద్దంత కూసుంటవ్,
సంచి చినిగింది, కుట్టించుకరాపోయినవ్?" అన్కుంట
ఆటో దిక్కు తిరిగింది.
కట్టె కొన ఆమె తలకాయ కన్న పైకున్నది.
గొర్ల మందల్ల, మనుషుల్ల
శానసేపు ఆ కొన ఒక్కటే కనవడ్డది.

పొద్దుగూకేయాల్లకు తుమ్మకట్టెలు మూడు పోయినయ్.
బరువున్నదే కావాలన్నరు.