తాడుకు ఇవతల

పోయినేడు ముసలాయనకు సగం ధర,
చక్రాల కుర్చీకి ఊరికే.
ఈయేడు తగ్గింపు పావలాకొచ్చింది,
కుర్చీ మాట బోర్డులోనే లేదు.
జహ్రా దాటిన ఇసుకలో గుడారానికి యాభై దీనార్లు!

అబూ మిషారి కార్డు రెండుసార్లు చూపించినాడు.
కిటికీలో పిల్లోడు తలెత్తలేదు:
"సిస్టం ఒప్పుకోదు."

"గుడారంలోనే పుట్టినా నేను.
ఆ రాత్రికి మా నాయన ఎవరికి కట్టినాడు?"
నన్నడిగినాడు.
రాయచోటి డ్రైవర్ని, నేనేం చెప్పేది?

తాడుకు ఇవతలే బండి ఆపినా.
ఆయన కాళ్లు రెండూ ఎత్తి
ఒకటి తర్వాత ఒకటి ఇసుకలో పెట్టినా.
చెప్పులూ తీసెయ్యమన్నాడు.

ఆ పక్క జనరేటర్లు మొరుగుతా ఉండాయి.
ఈ పక్క ఫ్లాస్కు మూత, సగం టీ,
ఇంకా ఎవురూ వెల కట్టని చీకటి.

రెండో మూతకు చెయ్యి చాపినాడు.