తరుగు

అర్ధరాత్రి భైరవపాలెం మొగ దాటాం.
ఆరింటికి, ఒడ్డు కనపడని చోట,
ఇంజను ఆపమన్నాను.
ఏడొందల కిలోమీటర్ల ఎత్తున ఒక యంత్రం
బంగాళాఖాతం మీదుగా పోతూ
నీళ్ళ ఉప్పదనం చదువుకునే వేళ.
అదే నిమిషానికి నేను సీసా ముంచాలి.
అది చెప్పేది నిజమో కాదో
ఈ అరలీటరు సాక్ష్యం.

సరంగు ఒలుపల్లి ఏడుకొండలు
వేలు ముంచి నాలిక మీద పెట్టుకుని
"ఇంకా చప్పదనం పోలేదండి,
ధవళేశ్వరంలో గేట్లు దించినట్టు లేదు" అన్నాడు.
అదీ రాసుకున్నాను. పెన్సిలుతో, మార్జినులో.

మా లెక్క చూడ్డానికి చిన్నదే.
వాన పోసింది, గోదారి తెచ్చింది కూడిక,
ఆవిరై లేచింది తీసివేత.
దక్షిణాన ఈ సముద్రానికి తలుపుల్లేని గుమ్మం ఒకటుంది,
అటు ఎంత వెళ్ళిందో, ఎంత వచ్చిందో.
వానను చూడ్డానికి ఒక ఉపగ్రహం,
నీటిమట్టానికి ఇంకొకటి.
ఒకదాని వెనక ఒకటి పరిగెత్తే జంట ఉంది,
కింద నీరు బరువెక్కితే
వాటి మధ్య ఎడం వెంట్రుకవాసి మారుతుంది.
ఆవిరిని మాత్రం ఎవరూ చూడరు.
గాలిని అడిగి, వేడిని అడిగి,
ఇంత ఉండొచ్చని వేసుకుంటాం.

అయిదేళ్ళుగా కూడుతున్నాను.
ఏ నెలా సున్నాకి రాలేదు.
ఎర్రనీరు దిగే నెలల్లో మరీను.
చివరి గడిలో ఏదో ఒకటి మిగులుతుంది,
లేదంటే చాలకుండా పోతుంది.
ఆఫీసులో దాని పేరు దోషం.

ఒడ్డు చేరేసరికి మధ్యాహ్నం.
పెసింగి మంగాయమ్మ ఇసుక మీంచి నెత్తళ్ళు ఎత్తుతోంది.
మొన్న పరిచినప్పుడు పది కేజీలు,
ఇవాళ కాటాకెక్కిస్తే మూడుకి కాస్త తక్కువ.
"మిగతాదేదమ్మా?"
కాకిని చీపురుతో అదిలించి
"తరుగు" అంది.
గడ్డం ఆకాశంకేసి ఎత్తి
"అటెళ్ళింది. నీ దానికి కనపళ్ళేదా?"

కనపడదు.
ఒడ్డుకి నలభై కిలోమీటర్ల లోపల దానికి చూపు ఆనదు,
నేల వేడి దాని చెవుల్లో హోరు పెడుతుంది.
ఈ ఇసుక, మడచెట్ల వేళ్ళలోకి ఎక్కి దిగే పోటూ పాటూ,
ఈవిడ మోచేతి దాకా అంటిన పొలుసు,
మా పటంలో తెల్లటి ఖాళీ.
ఈ మాట ఆవిడకి ఎలా చెప్పాలో తెలీక
అరకేజీ ఇమ్మన్నాను.

ముల్లు నిలిచేదాకా ఆగింది.
పొట్లం కట్టబోతూ
ఇంకో గుప్పెడు తీసి,
కాటా వైపు చూడనైనా చూడకుండా, అందులో పడేసింది.
"కొసరు."

రాత్రి నెల లెక్క మూశాను.
ఈసారి మిగిలింది.
ఎటునుంచి వచ్చిందో, ఏ గడిలోనూ పట్టని నీరు.
దోషం అని టైపు చెయ్యబోయి
వేళ్ళు ఆగాయి.
గదినిండా నెత్తళ్ళ వాసన.