పట్టపగటి రాత్రి

బఫలోలో రెండు రోజులు, పదకొండు ఇళ్లు.
ప్రతివాళ్లూ ముందుగా కిటికీ తెరలు లాగినవాళ్లే:
"చూడండి, ఎంత వెలుతురో!"

నాకు కావలసింది చీకటి.
జూలై నుంచి ఒడెట్‌కి రెసిడెన్సీ.
రాత్రంతా వార్డుల్లో తిరిగి
తెల్లారాక బూట్లతోనే మంచంమీద వాలిపోయే మనిషికి
పట్టపగలు కాస్త రాత్రి కావాలి.
చెబితే ఏజెంటు నవ్వాడు.

పన్నెండోది మిసెస్ వోయ్చిక్ ఇల్లు.
అద్దె మాటైనా ఎత్తకుండా మేడమీదికి నడిచింది.
వెనక గది. కిటికీకి రెండు పొరల కంబళి.
"మా ఆయనది ఉక్కు మిల్లులో రాత్రి షిఫ్టు.
ముప్పై ఏళ్ల పగళ్లు ఇక్కడే నిద్రపోయాడు.
మూడో మెట్టు కిర్రుమంటుంది, చూసుకో."

దిగుతూ, ఆవిడ దాన్ని దాటింది.
ఇంట్లో నిద్రపోతున్నవాళ్లు ఎవరూ లేరు.

నేనూ దాటాను.